మొదటి దెబ్బకే పేలవలెనన్న

రంజకము అనగానే నేటి చదువరులకు జనరంజకము, హృదయరంజకము అను మాటలు తోచును. మన తాతముత్తాతలకు మాత్రము ఆ మాట వినగానే మందువాసన తగిలెడిది. తుపాకి చెవి యొద్ద పోయు చిటికెడు మెత్తని మందునకు రంజకమని పేరు. గొట్టములో దట్టించిన మందు ఎంత మంచిదైనను, గుండు ఎంత నున్ననిదైనను, చెవి కడనున్న ఆ చిటికెడు అంటుకొననిచో తుపాకి దుడ్డుకర్రతో సమానము. నేటి తూటాలో ఆ చిటికెడు మందు పనిని చేయునది కేపు. ఇంగ్లీషువారు దానిని ప్రైమరు అందురు. ఒకసారి కాల్చిన తూటా గుల్లను పారవేయక తిరిగి నింపుకొనువారు పాత కేపును తీసివేసి, ఆ గుంటలో కొత్త కేపును కూర్చవలెను. ఈ పనికి పిడికిట ఇమిడెడు చిన్న పనిముట్టు ఒకటి ఉన్నది. దానిని ఎంచుకొనునపుడు ఏమేమి చూడవలెను, అసలు మన ప్రాంతమున అది ఎవరికి అవసరము అను రెండు ప్రశ్నలను ఇచ్చట విచారింతము.

గిద్దలూరు ప్రాంతమునకు తుపాకి ముచ్చట కొత్తది కాదు. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ సగిలేటి పల్లము. చేను గట్టు దాటినచో అడవి. కందిచేనిలోనో వేరుసెనగ చేనిలోనో రాత్రివేళ పందుల మంద దిగినచో తెల్లవారుసరికి రైతు ఏటి కష్టము మట్టిపాలగును. మంచె, డప్పు, దివిటీ, వడిసెల, వీటితోపాటు స్తోమత గలవారి యింట ఒక నోటిబారు తుపాకి: ఇది పెద్దల నాటి ఏర్పాటు. 1959 నాటి ఆయుధముల చట్టము సైతము ఈ అవసరమును గుర్తించినది. యథార్థమైన పంటరక్షణ కొరకు, నోటివైపు నుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చు విషయమును దాని 13వ సెక్షను ప్రత్యేకముగా పేర్కొన్నది.

ఇంకను వెనుకకు పోయినచో, 1846 జూలై 23వ తేదీన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులు కుంపిణీ సేనతో తలపడినది ఈ గిద్దలూరు కడనే. ఆ సంవత్సరములు తుపాకి చరిత్రలో సంధికాలము. చెకుముకి రాతి రవ్వతో పేలు తుపాకి వెనుకబడి, రాగి కేపుతో పేలు తుపాకి ముందుకు వచ్చుచున్న దినములు. జూలై అనగా వానకారు. గాలి విసరినచో చెవి కడనున్న రంజకము ఎగిరిపోవును. తుంపర పడినచో ముద్దయగును. వానలో చెకుముకి తుపాకిని నమ్ముకొనుటయనగా తడిసిన అగ్గిపుల్లను నమ్ముకొనుటయే.

ఈ చిక్కునుండి లోకమును తప్పించినవాడు సేనాపతి కాడు. చర్చిలో ప్రార్థనలు జరుపుకొను ఒక మతగురువు. స్కాట్లండు దేశస్థుడైన అలెగ్జాండర్ ఫార్సైత్‌కు పక్షుల వేట యందు మక్కువ ఎక్కువ. చెకుముకి మెరుపును చూచి, గుండు తమను చేరులోపలనే పక్షులు తప్పించుకొనుట ఆయనకు కంటగింపైనది. రవ్వకు బదులు దెబ్బకు అంటుకొను మందును వాడు ఉపాయమునకు ఆయన 1807లో పేటెంటు పొందెను. అటువంటి మందులలో ఒకదానిని, పాదరసముతో చేసినదానిని, ఎడ్వర్డ్ హోవర్డ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1800లోనే లోకమునకు వెల్లడించియుండెను. పిమ్మట కొలది ఏండ్లకు ఆ జాతి మందును చిన్న రాగి టోపీలో అదిమి తుపాకికి తొడుగు పద్ధతి వచ్చినది. ఆ టోపీయే కేపు. దీపావళి నాడు పిల్లలు బొమ్మ తుపాకులలో పెట్టి టపటప పేల్చు కేపులకు ఆ పేరు వచ్చినదియు ఇందువలననే.

నోటిబారు తుపాకిలో కేపును ఒక చిన్న ఉక్కు మొన మీద తొడుగుదురు. ఈ తొడుగుటలోనే మన విషయమంతయు ఇమిడియున్నది. కేపు వదులైనచో తుపాకి వంచగానే జారిపడును. మరీ బిగువైనచో మొన కొసను తాకక నడుమనే నిలుచును. అప్పుడు గుర్రము వచ్చి కొట్టిన మొదటి దెబ్బ కేపును క్రిందికి దించుటకే సరిపోవును, మందు పేలదు. రెండవ దెబ్బకు పేలును. చేలోనికి దిగిన పంది రెండవ దెబ్బ వరకు ఆగునా? అంతకన్న భయంకరమైనది మరొకటి కలదు. కేపు మంట అరకొరగా లోనికి పోయి, గొట్టములోని మందు తడవు చేసి అంటుకొనుట. పేలలేదనుకొని గొట్టములోనికి తొంగిచూచినవాని గతి వేరుగా చెప్పనక్కరలేదు. కావుననే పేలని తుపాకిని నిరపాయమైన దిక్కునకు గురిపెట్టి అట్లే పట్టుకొనవలెనని నియమము. తూటా తుపాకియైనచో అర నిమిషము, మందు దట్టించు తుపాకియైనచో ఒకటి రెండు నిమిషములు. ఆ కొద్ది సమయము చేతిలో ఎంత దీర్ఘముగా తోచినను సరే, కదలరాదు.

తూటా వచ్చిన తరువాత కేపు వెలుపలినుండి లోనికి పోయినది. ఇత్తడి గుల్ల అడుగున నట్టనడుమ ఒక గుంట. ఆ గుంటలో కేపు. చూచుటకు చొక్కా గుండీ కన్న చిన్నది. అందులో రెండు ప్రధానమైన కొలతలు. చిన్నదాని అడ్డుకొలత 4.45 మిల్లీమీటర్లు, పెద్దదానిది 5.33. దాని గర్భములో మందు, మందును ఆనుకొని కాళ్లున్న చిన్న లోహపు ముక్క. కమ్మరి కొలిమి యొద్ద దాగలికి ఏది పనియో ఈ ముక్కకును అదియే పని. తుపాకి సూది కేపు వీపున కొట్టును. సూదికిని దాగలికిని నడుమ నలిగి మందు రగులును. ఆ మంట గుల్లలోని రంధ్రము గుండా పోయి అసలు మందును అంటించును. దాగలి లేని కమ్మరి సమ్మెట గాలిలో ఊపినట్లే, గుంట అడుగును దాగలి కాళ్లు తాకనిచో సూది దెబ్బ వృథా. ఆ దెబ్బకు కేపు మరికొంత లోనికి జరిగి కూర్చుండును, అంతే. నోటిబారు తుపాకి నాటి దోషమే తూటా లోపల మరల పుట్టినది.

ఈ దాగలిని కేపులోనే అమర్చిన పద్ధతి ఇంగ్లండు సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్‌ది. దానిని గుల్ల అడుగుననే ఏర్పరచిన పద్ధతి అమెరికావాడైన హైరమ్ బెర్డన్‌ది. రెండును 1866 ప్రాంతమున పుట్టినవే. చిత్రమేమనగా ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడినది. అమెరికావాని పద్ధతి ఐరోపాలో వ్యాపించినది. ఖాళీ గుల్లను దీపమునకు ఎదురుగా పట్టి చూచినచో, నడుమ ఒకే రంధ్రము కనబడెనా బాక్సరు. ప్రక్క ప్రక్కల రెండు చిన్న రంధ్రములు కనబడెనా సామాన్యముగా బెర్డను. నేడు అంగళ్లలో దొరకు చేతి పనిముట్లు సాధారణముగా బాక్సరు కేపుల కొరకు చేసినవి. కాబట్టి పనిముట్టును చూచుటకు ముందు గుల్లను చూడవలెను.

ఇంకొక జాతి తూటాకు ఈ పనిముట్టుతో పనియే లేదు. ఎన్.సి.సి. పిల్లలు, రైఫిలు క్లబ్బులలో అభ్యాసము చేయువారు వాడు పాయింటు 22 తూటాకు నడుమ కేపు ఉండదు. గుల్ల అంచు మడతలోనే మందు పరచియుండును. సూది ఆ అంచును నొక్కును. ఒకసారి కాల్చిన ఆ గుల్లను తిరిగి నింపు సులువైన మార్గము లేదు. ఇక హైదరాబాదు వాసి గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో కంచుపతకము తెచ్చినది గాలి రైఫిలుతో. దానికి మందూ లేదు, కేపూ లేదు. కాబట్టి గురి నేర్చుకొనవలెనను ఉత్సాహము గల యువకులు మొదట ఆ దారిని పోవుట మేలు. ఈ పనిముట్టు అవసరమగునది నడుమ కేపుండు పెద్ద తూటాలు కాల్చు లైసెన్సుదారులకు మాత్రమే. ఒక్కొక్క పాత రైఫిలు కొలత తూటా అంగట దొరకదు. చెలమ, గాజులపల్లె స్టేషనుల నడుమ అడవిలో తిరిగి ఆ కథను వ్రాసిన బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండినది పాయింటు 405 వించెస్టర్; అట్టి అరుదైన కొలతల తుపాకులున్న వారికి గుల్ల బంగారముతో సమానము.

ఇక పనిముట్టు మాట. మూడు విధములైన సాధనములు ఉన్నవి. తూటా నింపు పెద్ద ప్రెస్సుకే అమర్చినది ఒకటి. బల్లకు మరలతో బిగించునది ఒకటి. చేతిలో పట్టుకొని బొటనవ్రేలితోనో అరచేతితోనో మీట నొక్కునది మూడవది. ప్రెస్సు మీట పొడవైనది. దాని బలము ముందు కేపు యొక్క ఎదురుపట్టు చేతికి తెలియదు. చేతి పనిముట్టులో తెలియును. కేపు గుంటలోనికి దిగుచున్నంతసేపు మెత్తని పట్టు ఒకటి తగులును. అడుగు తాకగానే గట్టిగా నిలిచిపోవును. ఈ రెండింటి తేడా వ్రేలికి తెలియుటయే ఈ పనిముట్టు సార్థకత. రేడియో మర తిప్పి గరగర లేని చోట స్టేషనును నిలుపుకొను మన శ్రోతలకు వ్రేలికొస తెలివిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ వ్రేలు మరియొక వార్తయు చెప్పును. కేపు ఏ పట్టును లేక జారిపోయినచో గుల్ల గుంట పెద్దదైనదని అర్థము. ఆ గుల్ల ఆయువు తీరినది, పారవేయవలెను. ఎంత నొక్కినను దిగనిచో గుంటలో మసి పేరుకొన్నదనియో, కేపు ఊడకుండ గుంట అంచును ఫ్యాక్టరీలోనే నొక్కిన సైనికపు గుల్లయనియో గ్రహింపవలెను. అట్టిచోట బలము ప్రయోగించుట అపాయము. దెబ్బకు పేలుట కొరకే పుట్టిన వస్తువు అది. మన బలమునకును సూది బలమునకును తేడా దానికి తెలియదు.

కూర్చిన కేపు గుల్ల అడుగు మట్టము కన్న కొంచెము లోపల ఉండవలెను. అంగుళములో వెయ్యింట మూడు నుండి ఐదు భాగములు, అనగా ఇంచుమించు ఒకటి రెండు తలవెంట్రుకల మందము. పైకి పొడుచుకొని యున్నచో రెండు దోషములు. ఒకటి మొదటి దెబ్బ వృథాయగుట. రెండవది తనంతట తూటా నెక్కించుకొను తుపాకులలో, ట్రిగ్గరు నొక్కకయే, తలుపు మూతపడు అదటునకే పేలుట. మొదటిది అభ్యాసమును పాడుచేయును. రెండవది మనుష్యులను తీయును. ఒక ఉక్కు స్కేలు అంచును గుల్ల అడుగున ఆనించి చూచినచో పొడుచుకొని వచ్చిన కేపు పట్టుబడును. ఈ పరీక్ష ప్రతి గుల్లకును చేయవలసినదే.

కొనునపుడు మేము మొట్టమొదట చూడుమని చెప్పునది వేగము కాదు, వేరుపాటు. కేపులను పోయు చిన్న పళ్లెరము పనిముట్టుకే తగిలించియుండును. ఒక్కొక్క కేపే జారి నెట్టుకడ్డి మీదికి వచ్చును. నొక్కుచున్న కేపు దైవవశమున పేలినచో ఆ మంట పళ్లెరములోని తక్కిన కేపులకు అంటరాదు. కొన్ని పనిముట్లలో దీని కొరకు అడ్డుతలుపు ఉండును. మీట కదలగానే అది దారి మూయును. కొన్నింటిలో ఉండదు. అడ్డుతలుపు లేనిది ఎంత చౌకయైనను మా ఓటు దానికి లేదు. కొందరు తయారీదారులు తమ పనిముట్టులో ఏ కంపెనీ కేపులు వాడవచ్చునో, ఏవి వాడరాదో వ్రాసి ఇత్తురు. అది వ్యాపారపు మాట కాదు. కేపు కేపునకు చురుకుదనము వేరు. ఆ కాగితమును పెట్టెతోపాటు చింపి పారవేయరాదు.

తరువాత చూడవలసినది కీలు. మీట బలమంతయు ఒకటి రెండు కీలల మీద పడును. పోతపోసిన మెత్తని లోహమైనచో వేయి గుల్లలకే ఆట పుట్టి, నెట్టుకడ్డి ఒరుగును. కడ్డి ఒరిగినచో కేపు వాలుగా దిగి అంచు నలుగును. ఖాళీ పనిముట్టును చేతబట్టి మీటను పది మారులు నెమ్మదిగా నొక్కి చూడుడు. కడ్డి తిన్నగా పైకి లేచి, స్ప్రింగు బలముతో తడబడక దిగవలెను. కడ్డి తల బల్లపరుపుగా ఉండవలెను. చిన్న కేపునకొకటి, పెద్ద కేపునకొకటి రెండు కడ్డీలు పెట్టెలో ఉన్నవో లేవో చూచుకొనుడు.

గుల్లను పట్టుకొను పట్టు విషయమున రెండు మతములు ఉన్నవి. ఒక్కొక్క తూటా కొలతకు ఒక్కొక్క ఉక్కు పట్టును మార్చుకొనుట ఒకటి. ఏ గుల్లనైనను కరచుకొను స్ప్రింగు దౌడలు రెండవది. ఒకే కొలత తుపాకి గలవానికి మొదటిదే మేలని మా అభిప్రాయము. గుల్ల కదలక నిలుచును, చెడిపోవుటకు అందులో ఏమియు లేదు. కాని ఆ పట్టు పనిముట్టు చేసినవారి ప్రత్యేకమైన కొలతదో, ప్రెస్సులలో వాడు సామాన్యపు కొలతదో అడిగి తెలిసికొననిచో రెండుమార్లు డబ్బు పెట్టవలసి వచ్చును. కేపు లోతును గడియారపు ముల్లు వలె కొలిచి చూపు ఖరీదైనవియు ఉన్నవి. పోటీలలో వెంట్రుకవాసి తేడాకు పతకము పోగొట్టుకొనువారికి తప్ప అవి అనవసరము. మీట మీద అచ్చు గీతల అందమునకు పొంగిపోక, అది మీ చేతి కొలతకు సరిపోవునో లేదో చూచుకొనుడు. వంద గుల్లలు నొక్కిన పిమ్మట బొటనవ్రేలు నొప్పి పుట్టినచో, నూటొకటవ గుల్లను వ్రేలు సరిగా చదువదు. కీళ్లనొప్పులు గలవారు అరచేతితో పిండు తరహాది తీసికొనుట మంచిది.

ఈ సరుకునకు పేరుపడిన దేశము అమెరికా. 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ స్థాపించిన ఆర్.సి.బి.ఎస్., 1958లో రిచర్డ్ లీ ప్రారంభించిన సంస్థ, హార్నడీ వారు ఇందులో ప్రసిద్ధులు. ఆర్.సి.బి.ఎస్. అను పొడి అక్షరములలో మొదటి రెండును రాక్ చక్ అను ఒక ఉడుతజాతి జంతువు పేరు. వారు మొదట చేసినది ఆ జంతువు వేటకు వాడు గుండ్ల అచ్చు. పేరు అట్లే నిలిచిపోయినది. అక్కడి పట్టణములలో ఈ పనిముట్టును సైకిలు పంపు కొన్నంత తేలికగా కొనవచ్చును.

మన దేశమున అట్లు కాదు. ఇది మిక్కిలి ముఖ్యము గనుక నిలిచి చెప్పుదుము. 1959 నాటి ఆయుధముల చట్టము 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకులు గాని తూటాలు గాని తయారుచేయరాదు. అంతకన్న గమనింపదగినది ఆ చట్టపు 2వ సెక్షను. మందుగుండు అను మాటకు అది ఇచ్చిన అర్థములో తూటా భాగములును, తూటాలను తయారుచేయు యంత్రములును చేరియున్నవి. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రమున తూటా నింపు లైసెన్సు ఉన్నట్లు కాదు. పనిముట్టు గుప్పిట ఇమిడినదని, ఊరినుండి వచ్చు బంధువు సంచిలో వేసి తెచ్చునని, ఎవరును అడుగరని తలచి తెప్పించుకొన్నవారు తెలియకయే నేరములో కాలుపెట్టినవారగుదురు. 2016 నాటి ఆయుధముల నియమావళిని అనుసరించి తమకు ఏది చెల్లునో, ఏది చెల్లదో జిల్లా లైసెన్సు అధికారి కార్యాలయమున వ్రాతమూలకముగా తెలిసికొన్న పిమ్మటనే రూపాయి తీయవలెను. సామాన్యమైన పన్నెండు బోరు తుపాకి గలవారికి ఈ యాతనయే అక్కరలేదు. 1869 నుండి పూనా చెంతనున్న ఖడ్కీలో తూటాల కర్మాగారము ఉన్నది. ప్రభుత్వపు కర్మాగారములలో తయారైన పన్నెండు బోరు తూటాలను లైసెన్సు మీద కొనవచ్చును. వాటి కేపును యంత్రము కూర్చినది. దానిని ఇంటి పనిముట్టుతో మించవలెనను పంతము దేనికి?

వేట మాటయు చెప్పక తప్పదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము తరువాత నల్లమలలో వేట గత చరిత్ర. ఆ అడవిలో ఒక పెద్ద భాగము 1983లో పులుల రక్షణ పథకములో చేరినది. చేనిలోనికి దిగిన పంది మీద సైతము అధికారుల అనుమతి లేక తుపాకి ఎత్తరాదు. పంట నష్టమునకు అర్జీ పెట్టుకొను దారి వేరు. తుపాకి దారి వేరు.

అనుమతి గలిగి ఈ పనికి పూనుకొన్నవారు కేపులను అవి వచ్చిన పెట్టెలోనే ఉంచవలెను. ఆ పెట్టెలో ఒక్కొక్క కేపునకు ఒక్కొక్క గది ఉండుట అందము కొరకు కాదు; ఒకటి పేలినచో ప్రక్కది పేలకుండుటకు. సీసాలో గుట్టగా పోసిన కేపులు ఒక్కటి అంటినచో అన్నియు ఒక్కుమ్మడిగా పేలును. పళ్లెరములో ఆ పూట పనికి చాలినన్ని మాత్రమే పోయవలెను. తలక్రిందుగానో ప్రక్కకో తిరిగిన కేపు కనబడినచో మీటను వదలి, పనిముట్టును ముఖమునకు దూరముగా ఉంచి, నెమ్మదిగా విప్పి తీయవలెను. కంటికి అద్దములు లేక కూర్చుండరాదు. నూనె చేతితో కేపును తాకినచో మందు చెడి పేలకపోవచ్చును. కావున పనిముట్టు కీలకు నూనె వేసిన దినమున చేతులు కడుగుకొనియే కేపుల పెట్టె తెరువవలెను. ఇంట పిల్లలకు దీపావళి కేపులకును వీనికిని తేడా తెలియదు. తాళము వేసిన బీరువాయే వీని చోటు.

ఇక పంటకాపుకై లైసెన్సు పొందిన నోటిబారు తుపాకి ఇంకను గోడకు వ్రేలాడుచున్న గిద్దలూరు, కొమరోలు, రాచర్ల రైతులకు ఈ పనిముట్టుతో నిమిత్తము లేదు. వారు చూచుకొనవలసినది కేపు తొడుగు ఉక్కు మొన. తుపాకిలో మందు లేదని రూఢి చేసికొన్న పిమ్మట, ఏటికొకమారు వానలు వెలిసిన తరువాత దానిని మరవిప్పి, త్రుప్పు తుడిచి, రంధ్రమును సన్నని తీగతో శుభ్రపరచి, దాని కొలతకు సరిపడు కేపులనే లైసెన్సు మీద తెచ్చుకొన్నచో చాలును. మొన కొస సుత్తి దెబ్బలకు పుట్టగొడుగు వలె విచ్చినచో ఏ కేపును అడుగంట దిగదు. అప్పుడు కేపును కాక, లైసెన్సు గల తుపాకి మరమ్మతుదారు చేత మొనను మార్పించవలెను.